బ్యాంకాక్‌లో ఏ మార్కెట్‌కి వెళ్లాలి? ముందు మీ చేతిలో ఏ పూట ఉందో చూసుకోండి

బ్యాంకాక్‌కి టికెట్లు తీసుకున్నవాళ్లు నన్ను అడిగేది ఒకటే, అక్కడ ఏ మార్కెట్ బాగుంటుంది అని. నేను తిరిగి అడుగుతాను, మీకు ఖాళీ ఉన్నది ఏ వారం, ఏ పూట అని. ఆ ఊళ్లో ప్రతి మార్కెట్‌కీ దాని వేళ దానికి ఉంది. ఆ వేళకి వెళ్తే కళకళలాడుతూ కనిపించే చోటికే నాలుగు గంటలు ఆలస్యంగా వెళ్తే, సగం దించిన షట్టర్లూ నీళ్లు కొట్టి కడుగుతున్న నేలా తప్ప ఇంకేమీ ఉండవు. ఫోటోలో అంత బాగుంది, తీరా వస్తే ఇదేంటి అని ఉసూరుమంటూ వెనక్కి వచ్చినవాళ్లని చాలామందిని చూశాను, వాళ్లు వెళ్లిన మార్కెట్ మంచిదే, వెళ్లిన వేళే తప్పు.

నేను అక్కడికి మూడుసార్లు వెళ్లాను. ఒకసారి ఒక్కడినే, ఒకసారి స్నేహితులతో, చివరిసారి మా అమ్మతో. అమ్మకి అరవై ఆరేళ్లు, మోకాళ్ల నొప్పులు, పూర్తి శాకాహారి. ఆవిడతో తిరిగినప్పుడే నాకు ఈ మార్కెట్ల మధ్య తేడా సరిగ్గా అర్థమైంది. కూర్చోడానికి చోటుందా, నేల జారుతుందా, తినడానికి చేప లేనిది దొరుకుతుందా అని చూడటం మొదలుపెడితే ఒక్కో చోటు కొత్తగా కనిపిస్తుంది. కింద రాసిందంతా ఆ మూడు ప్రయాణాల్లో తేలిన సంగతి.

శని, ఆదివారాలు దొరికితే

ఇక్కడ పోటీ చాటుచక్‌కీ ఓర్ టోర్ కోర్‌కీ. రెండూ ఎదురెదురుగానే ఉంటాయి, మధ్యలో ఒక్క రోడ్డు, మెట్రో నీలం లైన్లో కాంఫెంగ్ ఫెట్ స్టేషన్‌లో దిగితే ఒక దారి ఇటు, ఒక దారి అటు. అయినా ఇవి రెండు వేరే ప్రపంచాలు.

చాటుచక్ అంటే వస్తువుల మార్కెట్. 15,000కు పైగా కొట్లు, 27 సెక్షన్లు. ఒకప్పుడు రాజభవనం పక్కన సనం లువాంగ్ మైదానంలో ఉండేది, 1982లో ఇక్కడికి మార్చారు. బట్టలు, పింగాణీ, పాత సామాన్లు, తోలు సంచులు, మొక్కలు, బొమ్మలు, అన్నీ. పూర్తి మార్కెట్ శని, ఆదివారాల్లోనే, బుధ, గురువారాల్లో మొక్కల అమ్మకం ఉంటుంది. పొద్దున తొమ్మిదికి వెళ్లి పన్నెండు లోపల బయటపడండి, ఇది నా గట్టి సలహా. పైన రేకులు, పక్కన జనం, గాలి ఆడదు, మార్చి నుంచి మే దాకా అయితే పదకొండు గంటలకే కళ్లు తిరుగుతాయి. నడిమధ్యలో ఒక గడియార స్తంభం ఉంటుంది, నలుగురు కలిసి వెళ్తే తప్పిపోయినప్పుడు అక్కడ కలుద్దాం అని ముందే చెప్పుకోండి, ఎందుకంటే లోపల సందులన్నీ ఒకేలా ఉంటాయి. ఏదైనా నచ్చి, తర్వాత వచ్చి కొందాంలే అనుకున్నారంటే ఆ కొట్టు మళ్లీ దొరకదు. ప్రతి కొట్టుకీ సెక్షన్ నంబరు, సందు నంబరు, కొట్టు నంబరు రాసిన పలక ఉంటుంది, నచ్చిన చోటల్లా దాన్ని ఫోన్లో ఫోటో తీసుకోండి. నేను మొదటిసారి ఒక మట్టి దీపం కోసం గంటన్నర వెతికాను, దొరకలేదు, ఇప్పటికీ ఆ దీపం గుర్తొస్తుంది.

అన్ని సెక్షన్లూ చూడాలని మాత్రం పెట్టుకోకండి. రెండో మూడో ఎంచుకోండి. బొమ్మలు, చిత్రాలు ఇష్టమైతే ఏడో సెక్షన్, అక్కడ గీసేవాళ్లు కొట్లోనే కూర్చుని గీస్తుంటారు, జనం కూడా తక్కువ. జంతువులు అమ్మే వైపు నేను వెళ్లను, మిమ్మల్నీ వెళ్లమని చెప్పను. ఇరుకు పంజరాల్లో కుక్కపిల్లల్ని, కుందేళ్లని చూసి మనసు పాడైంది. 2024 జూన్‌లో ఆ వైపు మంటలు లేచి వందల మూగజీవాలు కాలిపోయాయి.

ఓర్ టోర్ కోర్ దీనికి పూర్తిగా వేరు. రైతుల సరుకు అమ్మించడానికి ఉన్న ప్రభుత్వ సంస్థ నడిపే మార్కెట్ ఇది, ఆ సంస్థ పేరులోని పొడి అక్షరాలే మార్కెట్ పేరు, అక్కడివాళ్ల నోట ఒతొకొ అని వినిపిస్తుంది. వారమంతా తెరిచే ఉంటుంది. ఎత్తైన పైకప్పు, వెడల్పు దారులు, పొడి నేల, కూర్చుని తినడానికి బల్లలు. అమ్మని తీసుకెళ్లి ప్రశాంతంగా రెండు గంటలు ఉన్నది ఇక్కడే. పళ్ల నాణ్యత చూస్తే ముచ్చటేస్తుంది, మామిడి పళ్లు ఒక్కోదాన్నీ తొడుగులో పెట్టి వరసలో పేరుస్తారు. ధర ఎక్కువే, మామూలు మార్కెట్ కంటే బాగా ఎక్కువ, దాన్ని దాచిపెట్టి చెప్పను. కానీ ఒక్క పండు తిని రుచి చూడాలనుకునే మనిషికి ఆ తేడా పెద్ద బరువు కాదు.

డ్యూరియన్, అదే పనసలా ముళ్ల తొక్క, ఘాటు వాసన ఉండే పండు, దాని కొట్టు దగ్గర మాత్రం కాసేపు నిలబడండి, కొనకపోయినా సరే. కొట్టతను చివర రబ్బరు చుట్టిన చిన్న కర్రతో కాయ మీద ఒక్కో తొన దగ్గరా తట్టి, చెవి ఒగ్గి వింటాడు. బోలుగా మోగితే పండినట్టు, గట్టిగా పలికితే ఇంకా రోజులు పడుతుంది. అనుమానం వస్తే ముళ్ల మధ్య మూడు మూలల ముక్క కోసి, వేలితో నొక్కి చూసి, మళ్లీ మూసేస్తాడు. నేను చూస్తుండగా ఏడు కాయలు తట్టి, ఏడోది తీశాడు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అయితే మంచి కాపు, మోన్ థోంగ్ అనే రకం తియ్యగా, వాసన కాస్త తక్కువగా ఉంటుంది, మొదటిసారి తినేవాళ్లకి అదే సరి. ధర అడిగేటప్పుడు తొక్కతో కిలోనా, వలిచిన తొనలు కిలోనా అని తేల్చుకోండి, రెండింటికీ చాలా తేడా. ఇంకోటి, అక్కడే తినేయండి, హోటళ్లలోకి, మెట్రోలోకి డ్యూరియన్ రానివ్వరు.

రెండిట్లో ఒకటే అంటే? కొనుక్కునే మనసుంటే చాటుచక్, తినే మనసుంటే ఓర్ టోర్ కోర్. మూడు గంటలకు మించి టైమ్ ఉంటే ముందు చాటుచక్ చూసి, ఎండ ముదిరాక రోడ్డు దాటి ఇటు వచ్చి భోజనం చేయడం కంటే మంచి ప్లాన్ నాకు తెలీదు.

పనిరోజు పొద్దున్నే లేవగలిగితే

మామూలుగా టూరిస్టులు ఈ వేళని నిద్రలో పోగొట్టుకుంటారు, నా లెక్కలో బ్యాంకాక్ మార్కెట్లకి ఇంతకంటే మంచి వేళ లేదు. చూడాల్సినవి రెండు, పాక్ క్లోంగ్ తలాత్ పూలు, క్లోంగ్ తోయి కూరగాయలు, చేపలు, మాంసం.

పాక్ క్లోంగ్ తలాత్ ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది కాబట్టి ఎప్పుడైనా వెళ్లొచ్చు అని చెప్తారు. వెళ్లొచ్చు, కానీ మధ్యాహ్నం చూసేదానికీ అర్ధరాత్రి దాటాక చూసేదానికీ పోలికే లేదు. రాత్రి లారీల్లో పూలు దిగుతుంటాయి, బంతిపూలు పెద్దపెద్ద ప్లాస్టిక్ సంచుల్లో, మల్లెమొగ్గలు ఐసు ముక్కల మధ్య, తామర మొగ్గలు ఆకుల్లో చుట్టి కట్టలుగా. అమ్మతో నాలుగున్నరకి వెళ్లాను, అప్పటికి మెట్రో మొదలవ్వదు కాబట్టి టాక్సీయే దిక్కు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం 2019లో తెరిచిన సనం చాయ్ స్టేషన్ నడిచి వెళ్లేంత దగ్గర.

ఒక ఆవిడ పొట్టి స్టూలు మీద కూర్చుని మాల కడుతోంది. మూరెడు పొడుగు సూది, దారం కాదు, ముందు సూదికే మొగ్గలు ఒక్కొక్కటీ చుట్టూ తిప్పుతూ గుచ్చుతుంది, నిండాక మొత్తాన్ని ఒక్కసారి దారంలోకి జార్చేస్తుంది. మొగ్గ నలగదు. పక్కన తెల్లటి చిన్న పూల గుట్ట చూసి అమ్మ వంగి ఒకటి చేతిలోకి తీసుకుని, "ఏరా, ఇది జిల్లేడు కదూ?" అంది. జిల్లేడే. అక్కడ దాన్ని దోక్ రక్ అంటారు, రక్ అంటే ప్రేమ, అందుకే పెళ్లి దండల్లో అది తప్పకుండా ఉంటుంది. అమ్మ ఆ పూట ఇంకెక్కడికీ రానంది, అక్కడే గంటసేపు నిలబడింది.

ఇక్కడ తినడానికి పెద్దగా ఏమీ లేదు, కొనడానికీ మీరు మాలలు తప్ప ఏం కొంటారు, చూడటానికే వెళ్లాలి. అలా చూడటంలో మీకు ఆనందం లేకపోతే వెళ్లొద్దు.

క్లోంగ్ తోయి వేరే కథ. ఊళ్లో వంట చేసేవాళ్లు సరుకు కొనుక్కునే పెద్ద మార్కెట్ ఇది, టూరిస్టుల కోసం ఏదీ సర్దిపెట్టి ఉండదు. నేల తడి, సందుల్లో తోపుడు బళ్లు అరుచుకుంటూ వస్తుంటాయి, బతికున్న కప్పలు వలల్లో, కోళ్లు గంపల్లో, పంది తలలు వరసగా. శాకాహారులు, ముక్కు సున్నితమైనవాళ్లు, చిన్నపిల్లలతో ఉన్నవాళ్లు దీన్ని వదిలేయడం మంచిది, అమ్మని నేను తీసుకెళ్లలేదు. కానీ ఒక ఊరు ఏం తింటుందో తెలుసుకోవాలనే కోరిక ఉన్నవాళ్లకి, వంట చేసేవాళ్లకి ముఖ్యంగా, ఇంతకంటే మంచి చోటు లేదని నా నమ్మకం. కూర ముద్దలు, అదే ఎర్రది, పచ్చది, పసుపుది, స్టీలు బేసిన్లలో కొండల్లా పేర్చి తూచి ఇస్తారు. చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. బళ్లకి అడ్డంగా నిలబడి ఫోటోలు తీయకండి, వాళ్లు పనిలో ఉన్నారు. పొద్దున ఆరు నుంచి తొమ్మిది మధ్య సరైన వేళ.

తూకం దగ్గర ఒక మాట. చాలా కొట్లలో ధర కిలోకి కాకుండా "ఖీత్"కి రాస్తారు, ఖీత్ అంటే 100 గ్రాములు. 40 అని రాసి ఉంటే కిలో 40 బాత్ (అక్కడి డబ్బు) అనుకుని అర కిలో కట్టమంటారు, తీరా 200 అంటారు. మోసమేమీ లేదు, మనం చదవలేదు అంతే. ఎండు రొయ్యలు, ఎండు మిరపకాయలు, వేయించిన చిరుతిళ్ల దగ్గర ఇది ఎక్కువ.

నీటి మీద మార్కెట్: అందరూ వెళ్లేదా, దగ్గరదా?

ఇక్కడే జనం డబ్బు, టైమ్ రెండూ పోగొట్టుకుంటారు, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

పోస్టర్లలో కనిపించేది, పడవల్లో టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు పళ్లు అమ్మేది, దమ్నోన్ సదువాక్. రాచబురి రాష్ట్రంలో, బ్యాంకాక్‌కి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది. థాయ్ రాజు నాలుగో రామ కాలంలో తవ్వించిన కాలువ, 1868లో పూర్తయింది, చరిత్ర నిజంగా గొప్పదే. ఇప్పుడు మాత్రం అక్కడ ఎక్కువగా కనిపించేది టూరిస్టులూ, టూరిస్టుల కోసం పెట్టిన కొట్లూ. నేను మొదటిసారి వెళ్లినప్పుడు కారు డ్రైవరు తిన్నగా మార్కెట్‌కి తీసుకెళ్లకుండా ఒక ప్రైవేటు రేవు దగ్గర దించాడు, పడవ ఎక్కితేనే మార్కెట్ అన్నారు, మనిషికి 2,000 బాత్ అడిగారు, బేరమాడి సగానికి తెచ్చానని సంతోషపడ్డాను. తర్వాత తెలిసింది, మార్కెట్ ఒడ్డు దాకా రోడ్డు ఉంది, కాలువ గట్టున నడిచే చూడొచ్చు, పడవ కావాలంటే అక్కడే అడిగి ఎక్కొచ్చు. కాబట్టి వెళ్తే డ్రైవరుకి ముందే చెప్పండి, మార్కెట్ దగ్గరే దించమని, రేవు వద్దని. పొద్దున తొమ్మిది లోపల చేరితేనే వెళ్లండి, టూర్ బస్సులు దిగాక పడవ పడవకి తగులుతూ ట్రాఫిక్ జామే.

అంపవా సముత్ సోంగ్‌క్రామ్ రాష్ట్రంలో ఉంది, శుక్ర, శని, ఆదివారాలు, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. పాత చెక్క ఇళ్లు, మెట్ల మీద కూర్చుంటే కింద పడవలోనే పీతలు, రొయ్యలు కాల్చి పైకి అందిస్తారు. చీకటి పడ్డాక మిణుగురులు చూపించడానికి పడవలు వెళ్తాయి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది థాయ్ కుటుంబాలే, అందుకే నాకు నచ్చింది. పైగా పట్టాల మీద మార్కెట్, మే క్లోంగ్, దీనికి దగ్గర్లోనే ఉంది. రైలు వచ్చే ముందు పందిళ్లు మడిచేసి, కూరగాయల బుట్టలు వెనక్కి లాగేసి, రైలు వెళ్లగానే నిమిషంలో మళ్లీ పరిచేస్తారు, దాన్ని అక్కడ తలాత్ రోమ్ హుప్ అంటారు, గొడుగు ముడిచే మార్కెట్ అని. రోజుకి నాలుగు రైళ్లు వస్తాయి, నాలుగు వెళ్తాయి. ఆ రోజు టైమ్ కనుక్కోకుండా మాత్రం వెళ్లకండి, రైలు లేనప్పుడు అది మామూలు కూరగాయల సందే.

ఇంత దూరం ఓపిక లేదంటే ఊళ్లోనే తలింగ్ చాన్ వైపు క్లోంగ్ లాత్ మయోమ్ ఉంది. శని, ఆదివారాలు, సెలవు రోజులు. పడవలు కొన్నే, మార్కెట్ ఎక్కువ భాగం గట్టు మీదే, పోస్టర్ ఫోటో కావాలంటే నిరాశపడతారు. కానీ తిండి బాగుంటుంది, ధరలు మామూలుగా ఉంటాయి, చెట్ల నీడ ఉంటుంది, సగం రోజులో ముగిసిపోతుంది. రెండో ప్రయాణంలో స్నేహితులతో ఇక్కడే ఒక మధ్యాహ్నమంతా గడిపాం. ఫోటో ముఖ్యమైతే దమ్నోన్ సదువాక్, సాయంత్రం, రాత్రి కలిపి పూర్తి రోజు ఇవ్వగలిగితే అంపవా, తక్కువ టైమ్, పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే క్లోంగ్ లాత్ మయోమ్. నన్నొక్కటే చెప్పమంటే అంపవా.

సాయంత్రం ఒక్కటే మిగిలితే

యావరాత్, అంటే చైనా టౌన్. మెట్రో వాట్ మంగ్‌కోన్‌లో దిగండి. ఆరింటి తర్వాత రోడ్డు పక్కన పొయ్యిలు వెలుగుతాయి. సోమవారం వద్దు, ఆ రోజు రోడ్డు మీద బళ్లు చాలావరకు ఉండవు. మాంసం, చేపలు తినేవాళ్లకి పండగ, శాకాహారులకి పళ్లు, స్వీట్లు మినహా కష్టం. పగలు వెళ్తే పక్కనే సంపేంగ్ సందు ఉంటుంది, టోకు సరుకు, పూసలు, రిబ్బన్లు, చిన్నచిన్న బహుమతులు డజన్ల లెక్కన. పదిమందికి ఏదో ఒకటి తీసుకెళ్లాలనే టెన్షన్ ఉన్నవాళ్లు చాటుచక్‌లో ఒక్కోటి బేరమాడే బదులు ఇక్కడికి రండి. బట్టలే కావాలంటే ప్రతునామ్. అక్కడ కొట్లలో ఒకటి కొంటే ఒక ధర, మూడు కొంటే టోకు ధర, కాబట్టి ఇద్దరు ముగ్గురు కలిసి కొనడం లాభం.

చేప తినని వాళ్లకి

అమ్మతో వెళ్లినప్పుడు నాకు పెద్ద పరీక్ష ఇదే. కూరగాయలే కనిపిస్తున్నాయి కదా అనుకుంటే లాభం లేదు, చేప సాస్, రొయ్యల ముద్ద, ఆయిస్టర్ సాస్ దాదాపు అన్నిట్లో ఉంటాయి. బొప్పాయి సలాడ్ మన కళ్లముందే దంచుతారు, అందులో కూడా ఎండు రొయ్యలు, చేప సాస్ పడతాయి. పసుపు గుడ్డ మీద ఎర్ర అక్షరాలతో 17 అంకెలా కనిపించే గుర్తు వెతకండి. అది "జే" అనే థాయ్ మాట. ఆ గుర్తున్న చోట మాంసం, చేప, గుడ్డు, పాలు, చివరికి ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. "మై సై నామ్ ప్లా" అంటే చేప సాస్ వేయొద్దు అని, ఇది నోటికి రాకపోతే థాయ్ లిపిలో ఫోన్లో రాసి చూపించండి, ఎవరూ విసుక్కోలేదు మాకు. ఏదీ కుదరకపోతే మామిడిపండు, జిగురు అన్నం, కొబ్బరిపాలు ఉండనే ఉన్నాయి. చాటుచక్‌లో చిప్పలో పెట్టి ఇచ్చే కొబ్బరి ఐస్‌క్రీమ్ అమ్మ రెండుసార్లు తింది.

డబ్బు, బేరం

నోట్లు దగ్గర పెట్టుకోండి, 20లు, 100లు ఎక్కువగా. కొట్లన్నిట్లో క్యూఆర్ కనిపిస్తుంది కానీ అది అక్కడి బ్యాంకు ఖాతాల కోసం పెట్టింది, దాని మీద ఆధారపడి వెళ్లొద్దు. ఏటీఎంలో విదేశీ కార్డుకి ఒక్కోసారికి 220 బాత్ లేదా అంతకంటే ఎక్కువ కోస్తారు, కాబట్టి కొంచెం కొంచెం తీయొద్దు. పొద్దున్నే వెయ్యి నోటు ఇచ్చి పూలమ్మే ఆవిడని ఇబ్బంది పెట్టకండి. తిండి దగ్గర బేరం ఆడరు, ఆడొద్దు. వస్తువుల దగ్గర నవ్వుతూ "లోత్ దాయ్ మై", అంటే తగ్గిస్తారా అని అడగండి, తగ్గిస్తే తగ్గిస్తారు, రెండు మూడు తీసుకుంటే తప్పకుండా తగ్గిస్తారు, సగం ధరకి అడిగితే మొహం తిప్పేసుకుంటారు. టూరిస్టులకి పన్ను వాపసు ఉంటుంది కదా అని లెక్కలేసుకోకండి, అది ఆ బోర్డున్న పెద్ద షాపుల్లోనే, మార్కెట్ కొట్లలో ఉండదు. బుద్ధుడి విగ్రహం కొనాలనిపిస్తే ఆగండి, దేశం దాటించడానికి అక్కడి లలితకళల శాఖ అనుమతి కావాలి.

సాయంత్రం ఆరుకి మార్కెట్లో లౌడ్‌స్పీకర్ మోగి అందరూ ఉన్నచోటే నిలబడిపోతే కంగారు పడకండి, అది జాతీయ గీతం. పొద్దున ఎనిమిదికి కూడా అంతే. మీరూ ఆగి నిలబడండి.

చివరిగా బరువు సంగతి. చోన్‌బురి దగ్గర ఆంగ్ సిలాలో చెక్కే రాతి రోళ్లు వంట సామాన్ల కొట్లలో కనిపిస్తాయి, చాలా బాగుంటాయి. అమ్మ పట్టుబట్టి ఒకటి కొనిపించింది, రోకలితో కలిపి ఐదు కిలోలు పైనే. దాన్ని చేతిసంచిలో పెట్టకండి, సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు, చీరల మధ్య చుట్టి పెద్ద సూట్‌కేసులో అడుగున పెట్టి, విమానాశ్రయానికి బయల్దేరే ముందు హోటల్లోనే తూయించుకోండి.